తెలియనివానికిచ్చు సమాధానము

"ఇంత చిన్న విషయము కూడ తెలియదా?" అను మాట తరగతి గదులలోను, నలుగురు కూర్చుండి మాటలాడుకొను చోట్లను తరచు వినబడుచుండును. అట్లు పలికినవానికి ద్వేషముండవలెనని లేదు. ఒక విషయము బాగుగా అలవడిన పిదప, దానిని నేర్చుకొనుటకు పడిన శ్రమ మరపునకు వచ్చును. తెలియకుండుట ఎట్లుండునో తెలిసినవాడు ఊహింపలేడు.

ఈ సంగతి ప్రయోగము వలన స్పష్టపడినది. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఎలిజబెత్ న్యూటన్ అను పరిశోధకురాలు కొందరిచేత ప్రసిద్ధమైన పాటల వరుసలను బల్లపై వ్రేలితో తట్టించి, ఆ పాటలేవో చెప్పుడని వినువారిని కోరినది. సగము పాటలనైనను వారు గుర్తింతురని తట్టినవారు తలచిరి. కాని, తట్టిన 120 పాటలలో గుర్తింపబడినవి 3 మాత్రమే! తట్టువాని మనస్సులో పాట మ్రోగుచునే యుండును. వినువానికి చేరునది బల్లచప్పుడే. పాఠము చెప్పువానికిని, వినువానికిని నడుమనున్న దూరము ఇట్టిదే.

తనకంతయు తెలియునను నిశ్చయముతో నవ్వినచో, మంచి ప్రశ్నయొకటి చేజారవచ్చును. 1963లో, నేడు టాంజానియాలో భాగమైన టాంగన్యీకాలో, ఎరాస్టో మ్పెంబా అను విద్యార్థి పాఠశాలలో ఐస్‌క్రీము చేయుచుండెను. పాలు కాచి, చల్లార్చి, రిఫ్రిజిరేటరులో నుంచుట వాడుక. చోటు దక్కదేమోనను తొందరలో అతడు వేడిపాలనే యుంచెను. తోటి విద్యార్థి కాచకయే యుంచిన పాలకంటె అవి ముందుగా గడ్డకట్టినవి. కారణమడుగగా, అతడే పొరబడెనని ఉపాధ్యాయుడు చెప్పెను. పై తరగతులలో మరియొక ఉపాధ్యాయుడు, అది మ్పెంబా భౌతికశాస్త్రమే కాని లోకమునకు చెందినది కాదని ఎగతాళి చేసెను.

తరువాత దారెస్సలాము విశ్వవిద్యాలయ కళాశాలనుండి డెనిస్ ఆస్బర్న్ అను భౌతికశాస్త్రాచార్యుడు ఉపన్యసింప వచ్చినపుడు, మ్పెంబా అదే ప్రశ్న వేసెను. తోటివారు నవ్విరి. ఆస్బర్న్ నవ్వలేదు. కుర్రవాడు పొరబడెనని లోలోపల అనుకొన్నను, ప్రయోగముచేసి చూతునని మాటయిచ్చి, నీటితో చేయించెను. 1969లో ఆ ఇద్దరి పేర వ్యాసము వెలువడినది.

ఈ విషయము నేటికిని వివాదములోనే యున్నది. 2016లో ప్రకటింపబడిన ప్రయోగములలో అట్టి ఫలితము నిర్ధారణ కాలేదు. మ్పెంబా పరిశీలన తప్పే యైనను, ఆస్బర్న్ ఇచ్చిన సమాధానము ఒప్పే. ఆదరణ యనగా తప్పును ఒప్పనుట కాదు. తప్పో ఒప్పో పరీక్షించి చూచుట.

కావున ఉపాధ్యాయుడు ప్రశ్న వినగానే, విద్యార్థికి ఎంతవరకు తెలియునో ముందుగా అడిగి, అచ్చటినుండి ఆరంభింపవలెను. పారిభాషిక పదము వాడినచో దాని యర్థము వెంటనే చెప్పవలెను. తనకును తెలియనిచో, "నాకును తెలియదు, కలసి చూతము" అనవలెను. ఒకసారి నవ్వులపాలైన విద్యార్థి మరల ప్రశ్నింపడు. అతనికేమి తెలియదో ఉపాధ్యాయునకు తెలియు దారి నాటితో మూసికొనిపోవును.