నాలుగు గ్రుడ్లు, ఐదుగురము

మీ ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చుని అన్నము తిని ఎన్నాళ్ళయింది? పండుగ రోజును లెక్కలోనికి తీసుకోకండి. ఆ రోజున కూడ ఇల్లాలు పొయ్యి దగ్గరే ఉంటుంది గదా! ఈ ప్రశ్న నాకు ఒక రాకెట్టును చూడబోయినప్పుడు కలిగింది.

అది 2023 జూలై 14, శుక్రవారము. మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు శ్రీహరికోట నుండి చంద్రయాన్-3 బయలుదేరుతుందని తెలిసి, వారము రోజుల నుండి పిల్లలిద్దరూ ఒకటే గోల. ప్రయోగములను ప్రజలు చూచుటకు శ్రీహరికోటలో 2019 మార్చి 31న ఒక గ్యాలరీ తెరిచారు. అయిదు వేలమంది కూర్చునే చోటు అది. ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి. మేము ఆలస్యము చేశాము, చోటు దొరకలేదు. సరే, దూరము నుండే చూద్దామని పిల్లలను, మా అమ్మను వెంటబెట్టుకొని సూళ్ళూరుపేట వరకు బస్సులో వెళ్ళి, అక్కడ నుండి ఆటోలో పులికాట్ సరస్సు ఒడ్డుకు చేరాము.

శ్రీహరికోట ఒక దీవి. తూర్పున బంగాళాఖాతము, పడమర పులికాట్ సరస్సు. రాకెట్టు సముద్రము మీదుగా పోతుంది గనుక క్రింద ఊళ్ళకు అపాయము ఉండదని ఈ చోటు ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న ఇక్కడ నుండి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. 2002లో ఈ కేంద్రమునకు సతీష్ ధవన్ గారి పేరు పెట్టారు. చాలాకాలము నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలోనికి వచ్చింది.

చెట్టు క్రింద భోజనము

ఒంటిగంటకు ఒక చెట్టు నీడన దుప్పటి పరచుకున్నాము. నా భార్య తెల్లవారుజామున లేచి పులిహోర కలిపింది, పెరుగన్నము కట్టింది, గ్రుడ్లు ఉడకబెట్టింది. విస్తళ్ళు వేసి, ప్రార్థన చేసుకొని, తినడానికి కూర్చున్నాము. ఆమె మాత్రము అలవాటు చొప్పున గరిటె పట్టుకొని నిలబడింది. ఆరుబయట నిలబడి వడ్డించడానికి ఏముంది? "అమ్మా, నువ్వూ కూర్చో" అని మా అమ్మాయి కొంగు పట్టి లాగింది. అప్పుడు కూర్చున్నది.

అమ్మాయి తన విస్తరి చూసుకొని, తల్లి విస్తరి చూసి, "అమ్మా, నీ గుడ్డేదీ?" అన్నది.

ఎంచి చూస్తే గ్రుడ్లు నాలుగే. మేము ఐదుగురము. "లెక్క తప్పావా?" అని నవ్వుతూ అడిగాను. "తప్పలేదండీ. నాకెందుకులే అనుకున్నా" అన్నది ఆమె, చాల మామూలుగా. కోపము లేదు, ఫిర్యాదు లేదు. అందువల్లనే ఆ మాట నాకు గట్టిగా తగిలింది. పెండ్లయి పద్నాలుగేండ్లయింది. ఇంట్లో నేను తిని చేయి కడుక్కున్న తరువాత ఆమె ఏమి తిన్నదో ఒక్కనాడైనా చూడలేదు. చూసి ఉంటే ఈ లెక్క ఎప్పుడో తెలిసేది. అమ్మాయి తన గ్రుడ్డును రెండు చేసి సగము తల్లి విస్తరిలో పెట్టింది. మా అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆమె కూడ అట్లా బ్రదికిన మనిషే.

2.35కు సరస్సు ఆవల నిప్పు లేచింది. ధ్వని లేదు. ముప్పావు నిమిషము గడిచిన తరువాత ఉరుము వంటి శబ్దము వచ్చి గుండెలను తాకింది. రాకెట్టు మబ్బులలోనికి వెళ్ళిపోయిన పిమ్మట అబ్బాయి అడిగాడు, "నాన్నా, అందులోవాళ్ళు అన్నం ఎట్లా తింటారు?" అందులో మనుషులు లేరని చెప్పాను. అయితే వాని ప్రశ్న మాత్రము మంచిదే.

అంతరిక్షములో పంక్తి

అక్కడ అన్నము పళ్ళెములో నిలువదు, తేలిపోతుంది. అందుకని ఆహారమును సంచులలో కట్టి పంపుతారు. రొట్టె తుంచితే రాలిన పొడి యంత్రములలోనికి పోతుంది గనుక, పొడి రాలని పలుచని చపాతీ వంటి రొట్టెలు వాడతారు. మన గగన్‌యాన్ యాత్రికుల కొరకు మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనాశాలవారు ఇడ్లీ, ఉప్మా, పులావు వంటివి తయారుచేసి 2020 జనవరిలో చూపించారు.

2025 జూన్‌లో శుభాంశు శుక్లా గారు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు వెళ్ళినప్పుడు క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసము తీసుకొని వెళ్ళారు. భూమికి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, ఇతర దేశములవారితో కలిసి వాటిని పంచుకొని తిన్నట్లు ఆయనే చెప్పారు. ఇంటి తీపిని ఒక్కడే మూల కూర్చుని తినలేదు.

డబ్బుకు దొరికే ఆకాశము

ఆ అనుభవమును నేల మీదనే అమ్మేవారు కూడ ఉన్నారు. అమెరికాలోని ఫ్లోరిడాలో, డిస్నీ వరల్డ్‌లోని ఎప్‌కాట్ అనే వినోద ఉద్యానవనములో 2021 సెప్టెంబరు 20న "స్పేస్ 220" అనే భోజనశాల తెరిచారు. 220 మైళ్ళ ఎత్తుకు వెళ్ళినట్లు భ్రమ కలిగించే లిఫ్టు ఎక్కిస్తారు. కాళ్ళ క్రింద భూమి చిన్నదవుతూ కనిపిస్తుంది. లోపల కిటికీలలో కూడ భూగోళము, నక్షత్రములు. అవన్నీ తెరల మీది బొమ్మలే. ప్రారంభములో పెద్దవారికి రాత్రి భోజనము ధర 79 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 5,800 రూపాయలు.

తాహతు ఉన్నవారు వెళ్ళడము తప్పని నేను అనను. అయితే ఆలోచించండి. అక్కడ తల్లికి కూడ ఒక కుర్చీ ఉంటుంది. వడ్డించేవారు వేరు. నలుగురు వెళితే నాలుగు పళ్ళెములు వస్తాయి, అయిదుగురు వెళితే అయిదు. ఆమె పళ్ళెము ఎవరూ మరచిపోరు. ఎంతోమంది ఇల్లాండ్రకు ఆ బొమ్మ నక్షత్రముల కంటె ఆ కుర్చీయే ఎక్కువ విశ్రాంతి నిస్తుందని నాకు తోస్తున్నది. ఆ కుర్చీ మన ఇంట్లో వేయడానికి డాలర్లు కావాలా?

మన ఇంటి పంక్తి

మన పల్లెలలో స్త్రీలు పొలము పనికి వెళ్ళి వస్తారు, వంట చేస్తారు, అందరికీ పెట్టి అడుగున మిగిలినది తింటారు. దీనిని త్యాగమని మెచ్చుకుంటాము. మెచ్చుకోవడము సులభము, మెతుకు మిగల్చడము కష్టము. తిబెరియ సముద్రపు ఒడ్డున, రాత్రంతా కష్టపడి వచ్చిన శిష్యుల కొరకు నిప్పుల మీద చేపలు సిద్ధపరచి, తన చేతితో వడ్డించినది ఎవరో మనకు తెలుసు. కనుక వడ్డించడము పురుషునికి తక్కువతనము కాదు.

మా ఇంట్లో ఆ వారమే ఒక ఏర్పాటు చేసుకున్నాము. ఆదివారము మధ్యాహ్నము గిన్నెలన్నీ మధ్యన పెట్టి అందరము ఒకేసారి కూర్చుంటాము. మొదటి గరిటె ఇల్లాలి విస్తరిలో. వడ్డన నాదీ, అబ్బాయిదీ. టీవీ ఉండదు, సెల్‌ఫోను గూటిలో ఉంటుంది. కూర తక్కువైతే అందరికీ తక్కువే. మొదట మా అమ్మకు ఇది వింతగా ఉండేది. ఇప్పుడు "కోడలు కూర్చున్నదా?" అని ఆమే అడుగుతుంది.

మీరు కూడ పిల్లలను శ్రీహరికోటకు తీసుకువెళ్ళండి. పేర్లు ముందే నమోదు చేసుకోండి. గుర్తింపు కార్డు, మంచినీళ్ళు, తలకు గుడ్డ మరచిపోకండి. ప్రయోగము ఒక్కొక్కసారి వాయిదా పడుతుంది. 2019 జూలై 15న చంద్రయాన్-2 ప్రయోగమును ఇంకా గంటసేపు కూడ లేదనగా ఆపివేశారు. వారము తరువాత, 22న, అది ఎగిరింది. కనుక రాకెట్టు ఎగరకపోయినా ఆ రోజు వృథా కాకుండ అన్నము కట్టుకొని వెళ్ళండి.

బయలుదేరే ముందు మూట విప్పి ఒకసారి ఎంచి చూడండి. మీరు ఎందరో, గ్రుడ్లు అన్ని ఉన్నాయా?