పాత పాస్‌వర్డ్‌ల సంగతేంటి?

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై జరిగిన సైబర్ దాడిలో ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం ఎన్‌క్రిప్ట్ అయిపోయింది. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. అలా లోపలికి చొరబడ్డవాడికి అడ్డుపడే చివరి గడియల్లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఒకటి. నా ఆందోళన దాని గురించే.

మైఎస్‌క్యూఎల్‌లో పాస్‌వర్డ్ పాలసీ పెడితే మామూలుగా కనీసం 8 అక్షరాలు, వాటిలో అంకె, చిన్నా పెద్దా అక్షరాలు, ప్రత్యేక గుర్తు అడుగుతుంది. కానీ కొత్త పాస్‌వర్డ్‌నే పరీక్షిస్తుంది. ఏనాడో పెట్టినవాటి జోలికి పోదు. ఉద్యోగుల ఖాతాలకు గడువు ముగించి మార్పించవచ్చు. అప్లికేషన్ల ఖాతాలే మొండివి. మారిస్తే సేవలు ఆగుతాయని ఎవరూ ముట్టుకోరు. ఈ సాకు నాకు మింగుడుపడదు. 8.0.14 వెర్షన్ నుంచి పాతది పనిచేస్తుండగానే కొత్తది జతచేసి, అప్లికేషన్లన్నీ మారాక పాతది తీసేయవచ్చు.

కీలక వ్యవస్థల తనిఖీకి వెళ్లేవారు పాలసీ ఉందా అని అడిగి ఊరుకోకూడదు. ఒక్కో ఖాతా పాస్‌వర్డ్ చివరిసారి ఎప్పుడు మారిందో చూడాలి. ఆ తేదీ మైఎస్‌క్యూఎల్ యూజర్ టేబుల్‌లోనే ఉంటుంది.