ఇంట్లో నాస్ కడుతున్నారా? రెయిడ్ కార్డు కొనేముందు ఇది చూడండి

"అన్నా, ఫోన్ ఫొటోలతో నిండిపోయింది, పాత పీసీని నాస్ చేస్తా, ఏ రెయిడ్ కార్డు కొనాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ముందు సాఫ్ట్‌వేర్ తేల్చుకోండి, కార్డు సంగతి తర్వాత.

ట్రూనాస్ వేస్తే అది జెడ్‌ఎఫ్‌ఎస్ వాడుతుంది. దానికి డిస్కులు నేరుగా కనపడాలి. మధ్యలో హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు కూర్చుంటే ఏ డిస్కు పాడవుతుందో దానికి సరిగ్గా తెలియదు. పైగా ఆ కార్డు కాలిపోతే, మళ్లీ అలాంటిదే వెతుక్కోవాల్సి రావచ్చు.

మదర్‌బోర్డులో సాటా పోర్టులు సరిపోతే కార్డే వద్దు. చాలకపోతే ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ లాంటి హెచ్‌బీఏ చూడండి. 8 డిస్కులు పెట్టొచ్చు. ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఉందా అని అడిగి మరీ తీసుకోండి. కేబుల్ ఫార్వర్డ్ బ్రేకౌట్‌దే కావాలి, రివర్స్‌ది చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ పనిచేయదు.

డిస్కులు సీఎంఆర్‌వే కొనండి. ఎస్‌ఎంఆర్‌వి చవకే, కానీ ఒక డిస్కు పోయి కొత్తది పెట్టినప్పుడు రీబిల్డ్ బాగా నెమ్మదిస్తుంది. ఆలోపు ఇంకోటి పోతే?

నాలుగు 4 టీబీ డిస్కులతో రెయిడ్-జెడ్1 పెడితే సుమారు 12 టీబీ వస్తుంది, ఒక డిస్కు పోయినా డేటా ఉంటుంది. కానీ పొరపాటున అమ్మ ఫొటోలు డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోంచీ పోతాయి. రెయిడ్ అంటే బ్యాకప్ కాదు. ఇంకో కాపీ వేరేచోట పెట్టండి. ఉంటాను మరి!