వీరుని మరణము - మన ఋణము

2020 జూన్ 15వ తేది రాత్రి లడఖ్‌నందలి గాల్వాన్ లోయలో చీనా సేనతో జరిగిన సంఘర్షణమున మన సైనికులు 20 మంది ప్రాణము లర్పించిరి. వారికి నాయకుడై ముందు నిలిచినవాడు సూర్యాపేట బిడ్డ, బీహారు రెజిమెంటు 16వ బెటాలియను అధిపతి కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు. ఆయన వయస్సు 37 ఏండ్లు మాత్రమే. కోరుకొండ సైనిక పాఠశాలయందు చదివి, బాల్యముననే ఈ మార్గమును కోరుకొన్నవాడు. ఆ రాత్రి తుపాకులు మ్రోగలేదు. కఱ్ఱలతోడను, రాళ్లతోడను పోరు సాగినది. అందు 17 మంది తీవ్రముగ గాయపడి, గడ్డకట్టించు ఆ చలిలో నుండి తుదకు కన్ను మూసిరని సైన్యమే ప్రకటించినది.

ఈ దుఃఖము గోదావరిఖని, రామగుండము ప్రాంతములవారికి క్రొత్తది కాదు. జూన్ మాసము వచ్చిన నచటి పెద్దలకు మఱియొక దినము జ్ఞప్తికి రాక మానదు. 2003 జూన్ 16వ తేదిని గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. సైనికుని పోరు శత్రువుతో, కార్మికుని పోరు భూగర్భముతో. రెండును ఒకటే యని మేము చెప్పబోము. కాని డ్యూటీకి సాగనంపిన మనిషి తిరిగి రాకున్న, ఆ గడపలో నెట్టి నిశ్శబ్దము నిలుచునో బొగ్గుగనుల సీమవారికి వేఱుగ బోధింప నక్కఱలేదు.

సంతోష్ బాబు కుటుంబమునకు తెలంగాణ ప్రభుత్వము 5 కోట్ల రూపాయలు, ఇంటిస్థలము, ఆయన సతీమణికి డిప్యూటీ కలెక్టరు పదవి యొసగినది. తక్కిన 19 మంది కుటుంబములకును, వారు పర రాష్ట్రములవారైనను, తలకు 10 లక్షల చొప్పున ప్రకటించినది. 2021లో రాష్ట్రపతి ఆయనకు మరణానంతరము మహావీరచక్రమును ప్రసాదించిరి. ఇవి ప్రశంసింపదగిన పనులు. అయినను ఒక్క ప్రశ్న మిగిలియున్నది. దేశమంతయు కన్నీరు గార్చిన దినమున మరణించినవానికి దక్కిన ఆదరము, ఎవ్వరు నెఱుగని పహరాలో మంచుచఱియ క్రింద నొంటిగ మరణించిన సామాన్య జవానునకు దక్కునా? పింఛను కేంద్ర నియమములను బట్టి వచ్చును. రాష్ట్రము లొసగు సహాయము మాత్రము ఒక్కొక చోట నొక్కొక తీరు. తల్లి కడుపుకోతకు హోదా భేద మున్నదా?

ఈ విషయమున మనము గనులనుండి యొక పాఠము నేర్వవచ్చును. విధినిర్వహణమున మరణించిన కార్మికుని కుటుంబమున నొకరికి ఉద్యోగ మొసగు పద్ధతి సింగరేణియందు కలదు. ఆ యింటివారు దానిని దానముగ గాక హక్కుగ నడుగుదురు. పత్రికలలో ఆ మృతుని పేరు పడినను పడకున్నను ఆ హక్కు చెడదు. వీరజవాను కుటుంబమునకు రాష్ట్రము చేయు సాయమును ఇట్లే, మృతుని హోదానుబట్టి గాని, సంఘటన ప్రసిద్ధినిబట్టి గాని మారని శాసనము కావలయును. దయ మఱచిపోవును, శాసనము మఱవదు.

ప్రభుత్వమునకు చెప్పి మన చేతులు కడుగుకొనుట న్యాయము కాదు. శవపేటిక వచ్చిన దినమున వేలాదిమంది వత్తురు. మాసము గడచిన పిమ్మట పట్టామార్పిడికై ఆ వితంతువు కచేరీ మెట్లెక్కునాడు తోడెవరు? గ్రామమున నలుగురిలో మాట చెల్లు భూస్వామి యొక్కడు ఆమె వెంట నడిచిన చాలును. పట్టణమున చదువుకొన్న గృహస్థు డొక్కడు ఆమె దరఖాస్తు వ్రాసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున నందఱికంటె ముందు నిలుచున్న చాలును. 1949 నుండి ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదిని సాయుధదళముల పతాకదినము జరుగుచున్నది. ఆనాడు హుండీలో చిల్లర వేసి ముఖము త్రిప్పుకొనుటకు మాఱుగ, మన తాలూకాలో నట్టి కుటుంబ మెచట నున్నదో విచారింతుము గాక.

సూర్యాపేటలో ఆయన విగ్రహము నిలిచినది. పుష్పమాలలకు కొదువ లేదు. మాల మఱునాటికి వాడును. ఆ కుటుంబములకు మనము పడిన ఋణము వాడునది కాదు.