కాంక్రీటు పంపు కొన హోసు

మన పాఠశాలకు పిల్లలను పంపు తల్లిదండ్రులలో కట్టడపు పనులు చేయువారు కొందరు కలరు. మనవారికి ఈ పని క్రొత్తది కాదు; ముంబయిలో కామాఠీపురకు ఆ పేరు వచ్చినది తెలుగునేలనుండి వచ్చి కట్టడములకు కూలిచేసిన కామాఠీల వలననే. నాడు తట్టలతో తలపై మోసిన దానిని నేడు యంత్రములు మోయుచున్నవి. శ్రమ తగ్గినది గాని అపాయము తగ్గలేదు. దాని రూపు మారినది. కాంక్రీటు పంపునకు పైపులను, హోసును తగిలించుటలోని జాగ్రత్తలను గూర్చి అందుచేతనే ఇచ్చట వ్రాయుచున్నాము.

లారీపై అమర్చిన ఈ పంపులో రెండు సిలిండరులుండును. ఒకటి తొట్టినుండి కాంక్రీటును పీల్చుచుండగా రెండవది పైపులోనికి నెట్టును. మడతలు విప్పుకొని కొంగ మెడవలె పైకి లేచు ఇనుప చేతిని పనివారు బూము అందురు. దాని వెంబడి ఉక్కు పైపులు సాగి, కొనయందు రబ్బరు హోసు వ్రేలాడును. ఆ హోసును పట్టుకొని స్లాబుపై కాంక్రీటు పోయించువాడే అందరికంటె ఎక్కువ అపాయములో నుండువాడు. యంత్రమును గూర్చి ఎవరును ఏమియు చెప్పనిదియు తరచుగా వానికే.

మొదట బరువు సంగతి. 125 మిల్లీమీటర్ల లోవ్యాసముగల పైపులో మీటరు పొడవునకు సుమారు 29 కిలోల కాంక్రీటు పట్టును. నాలుగు మీటర్ల హోసనిన దాదాపు 118 కిలోలు. హోసు సొంత బరువు వేరు. ఏతాము కొనకు కట్టిన బరువువలె, బూము కొనయందలి కొద్ది బరువు కూడ మొదట పెద్ద బరువై తగులును. అందుచేత ఎంత వ్యాసము, ఎంత పొడవు తగిలింపవచ్చునో యంత్రము చేసినవారే నిర్ణయించి వ్రాసియుందురు. "ఇంకొక రెండు మీటర్లు చాలును" అని వేరొక హోసును జతచేయుట తగదు. 150 మిల్లీమీటర్ల పైపు చూపునకు ఒక్క అంగుళమే పెద్దది. అందులో మీటరుకు పట్టు కాంక్రీటు 42 కిలోలు! బూము చిట్లుటకును, లారీ ఒరుగుటకును ఇట్టి అధిక భారము కారణము కాగలదు.

పైపును పైపునకు కలుపునది క్లాంపు. అంచులకు అంటుకొనిన పాత కాంక్రీటును గీకివేసి, రబ్బరు రింగును చూచి, క్లాంపును బిగించి పిన్ను దూర్చవలెను. పిన్ను లేని క్లాంపు గడియ లేని తలుపు వంటిది. బూము కొనకును హోసునకును నడుమ గొలుసో పట్టెయో అదనముగా కట్టియుండవలెను. క్లాంపు ఊడినను హోసు మనిషి మీద పడదు. హోసు క్రింది కొనకు మాత్రము ఇనుప కాలరు ఉండరాదు. అది విసరినప్పుడు సమ్మెటయగును.

హోసు ఏల విసరును? కాంక్రీటును నొక్కినను అది చిన్నది కాదు. గాలి మాత్రము నొక్కిన కొలది ముడుచుకొని స్ప్రింగువలె బలము కూడగట్టుకొనును. పైపులో ఎచ్చటనైన గడ్డ అడ్డుపడి, దాని వెనుక గాలి చిక్కినయెడల, ఆ గడ్డ కదలిన క్షణముననే గాలి ఒక్కసారి బయటపడి హోసును కొరడావలె ఝాడించును. గాలి చొరబడు సమయములు ముందే తెలిసినవి: పని మొదలిడునప్పుడు, ఆపి తిరిగి నడపునప్పుడు, పైపులు విప్పి కలిపిన తరువాత, తొట్టిలో కాంక్రీటు అడుగంటినప్పుడు. ఈ వేళలలో హోసును ఎవరును పట్టుకొనరాదు. నాలుగు మీటర్ల హోసయినచో నలుదిక్కుల నాలుగు మీటర్లకు మించిన దూరమున నిలువవలెను. కాంక్రీటు తెరపి లేక నిలకడగా వచ్చుట చూచిన పిదపనే దగ్గరకు పోవలెను. హోసును మడచుట, దానిపై కాళ్లు చాచి కూర్చుండుట, కొనలోనికి తొంగిచూచుట ఎన్నడును కూడదు. దూరముగా నిలిచినవానిని సోమరియని కసరు మేస్త్రీలు లేకపోలేదు. మా దృష్టిలో వాడే పని తెలిసినవాడు.

పైపు అడ్డుపడినప్పుడు క్లాంపును సుత్తితో కొట్టి విప్పుట మరియొక సాహసము. ముందు ఆపరేటరు పంపును వెనుకకు నడపి లోని ఒత్తిడిని తీసివేయవలెను. పని ముగిసి పైపులను గాలితో శుభ్రపరచునప్పుడు కొన హోసును తప్పక విప్పివేయవలెను.

పరరాష్ట్రములలో నున్న మనకు ఇంకొక చిక్కు కలదు. ఆపరేటరు హిందీవాడో తమిళుడో కావచ్చును. హోసు పట్టినవాడు మనవాడు. యంత్రపు హోరులో "ఆపు" అను కేక వినబడదు, వినబడినను అర్థము కాకపోవచ్చును. కనుక ఆపుటకు, నడపుటకు, వెనుకకు తిప్పుటకు చేతిసైగలను పని మొదలిడకమునుపే ఇరువురును నిర్ణయించుకొనవలెను. ఆపరేటరునకు స్లాబు కానరానిచోట నడుమ సైగలందించుటకు ఒక మనిషి కావలెను. ఈ ఏర్పాటును అడిగి చేయించుకొనుటలో సిగ్గుపడనక్కరలేదు.

సెలవునాడు తండ్రికి అన్నపు కారియరు తీసికొనిపోవు పిల్లలు స్లాబు పైకి ఎక్కక, బూము క్రింద నడవక, ద్వారమువద్దనున్న కావలివానికే దానిని ఇచ్చి రావలెను.