ఈకల ఎఱ – కొర్రమట్ట వేట



చెఱువు నిండినదను వార్త మన యూళ్లలో పెండ్లివార్త వంటిది. అది వినగానే పెద్దలు పొలమును గూర్చియు, పిల్లలు గాలములను గూర్చియు తలపోయుదురు. ఈ పూట నేను మొదట పిల్లల పక్షమున మాటలాడి, కడపట పెద్దలకొక విన్నపము చేయదలచినాను. విషయము చేపలవేట. అందును, ఈకలతోను వెండ్రుకలతోను చిన్న చేపను బోలిన ఎఱను కట్టి, దానిని నీటిలో నడిపించి పెద్ద చేపను పట్టు విధానము. ఆంగ్లేయులు ఇట్టి ఎఱను స్ట్రీమరు అందురు. మనము ఈకల ఎఱ యని చెప్పుకొందము.

గాలపువేట మనకు క్రొత్తది కాదు. కల్యాణపురము రాజధానిగా నేలిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు క్రీ. శ. 1130 ప్రాంతమున రచించిన మానసోల్లాసమను సంస్కృత గ్రంథములో మత్స్యవినోదమను ప్రకరణము కలదు. చేపల జాతులను, వానికి తగిన ఎఱలను ఆ రాజు అందు వివరించినాడు. అప్పటికి మన కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులు. పిమ్మట వారు స్వతంత్రులై పాలించిన కాలముననే పాకాల, రామప్ప, లక్నవరము వంటి మహాతటాకములు ఓరుగల్లు సీమలో వెలసినవి.

ఈకల ఎఱ మాత్రము అన్యదేశములందు వృద్ధిపొందినది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున క్యారీ స్టీవెన్సు అను స్త్రీ టోపీలు కుట్టి వానికి ఈకలు అమర్చు పనిలో నేర్పరి. ఆమె 1924వ సంవత్సరమున తాను స్వయముగా కట్టిన ఈకల ఎఱతో 6 పౌండ్ల 13 ఔన్సుల ట్రౌటు చేపను పట్టినది. మన తూకమున అది 3 కిలోలకు కొంచెమెక్కువ. దానితో ఆమె ఎఱలకు గొప్ప పేరు వచ్చినది. టోపీకి ఈకను కుట్టిన చేయియే గాలమునకును ఈకను కట్టినదని గ్రహింపుడు. ఇది ధనవంతుల విద్య కాదు. చేతిపని తెలిసినవారి విద్య.

ఈ ఎఱకు అన్ని చేపలును రావు. బొచ్చె, రోహు మొదలైనవి నీటిలోని సూక్ష్మజీవులను, నాచును, క్రుళ్లిన ఆకులను తినునవి. వాని యెదుట ఈకల చేపను ఎంత ఆడించినను ఫలము లేదు. చిన్న చేపలను వేటాడి తిను జాతులే దీనికి లోబడును. మన చెఱువులలో అట్టివానిలో ముఖ్యమైనది కొర్రమట్ట. కొందరు దీనినే కొరమేను అందురు. వాలుగయు ఇట్టిదే. కొర్రమట్టకు మొప్పలతోబాటు గాలిని పీల్చు అవయవము కూడ కలదు. అందుచేత అది నడుమ నడుమ నీటిపైకి వచ్చి, నోరు తెఱచి గాలి త్రాగి, బుడుంగున మునుగును. వేటగాని కంతకంటె మంచి జాడ లేదు.

ఎఱను కట్టు తెఱగు వినుడు. అంగుళమున్నర పొడవుగల గాలమును తీసికొని, దాని కాడకు దారము చుట్టి, క్రిందివైపు తెల్లని మేకవెండ్రుకలను, పైవైపు నల్లనివానిని కట్టవలెను. ఏలయన చిన్న చేపకు పొట్ట తెలుపు, వీపు నలుపు. ప్రక్కల కోడిపుంజు మెడ యీకలను రెండింటిని చేర్చవలెను. మెడచోట ఎఱ్ఱదారము నాలుగు చుట్లు చుట్టినచో మొప్పలవలె కనబడును. మొత్తము పొడవు గాలమునకు రెండింతలు మించరాదు. మించినచో చేప తోకనే కొఱికి పోవును. తేటనీటికి లేతవన్నెలు, బురదనీటికి నలుపు మేలు. బురదలో నల్లని యాకారము స్పష్టముగా కనబడును. మన చెఱువులలో తామరయు నాచును మెండు గనుక, గాలపు మొనకు అడ్డముగా నొక సన్నని తీగను వంచి కట్టినచో అది కలుపులో చిక్కుకొనదు.

ఇక విసరుట. సామాన్యపు గాలములో సీసపుగుండు బరువై దారమును లాగికొని పోవును. ఇందు ఎఱకు బరువు లేదు. దారమే లావుగాను బరువుగాను ఉండును. కావున విసరవలసినది ఎఱను కాదు, దారమును. బండివాడు చెర్నాకోలను ఝళిపించుట మీరెఱుగుదురు గదా! ఇదియు నట్టిదే. ఆరుమూరల వంగెడు గడతో దారమును వెనుకకు విసరి, అది వెనుక చక్కగా చాపుకొనువఱకు క్షణమాగి, పిమ్మట ముందునకు విసరవలెను. ఆ క్షణము ఆగనివానికి దారము మెడకు చుట్టుకొనుటయే ఫలము. అట్టి పరికరము లేనివాడు వెదురుగడకు గడపొడవు దారమును కట్టి, కట్టమీదనుండి కలుపు అంచున ఎఱను నడిపింపవచ్చును.

ఈ విద్యలోని ప్రాణమంతయు నడిపించుటలో నున్నది. చేప శరీరమున ఇరుప్రక్కల తలనుండి తోకవఱకు నొక రేఖ కనబడును. ఆ రేఖతో అది నీటిలోని కదలికను గ్రహించును. కన్ను కానని బురదనీటిలోను దానికి ఎఱ జాడ తెలియుట ఇందువలననే. కనుక రూపము కొంత తప్పినను చెల్లును గాని, నడక తప్పినచో చెల్లదు. ఆరోగ్యముగల పరకచేప నేరుగా ఈదును. గాయపడినది కొంత పరుగెత్తి, అలసి, క్రుంగి, మరల పరుగెత్తును. వేటచేప కోరునది ఈ రెండవదానినే. కావున గడ కొనను నీటివైపు వంచి పట్టి, ఎడమచేతితో దారమును జానెడేసి రెండుమార్లు లాగి, ఆపవలెను. లాగినపుడు ఈకలు ముడుచుకొనును, ఆపినపుడు విచ్చుకొనును. చేప తఱచుగా ఆపినపుడే పట్టును. అది పట్టగానే గడను పైకెత్తిన ఎఱ నోటినుండి జారిపోవచ్చును. మొదట దారమును చేతితో నేరుగా గట్టిగా లాగి, పిదప గడను ఎత్తవలెను.

ఉదయపు చల్లని వేళయు, సూర్యాస్తమయ సమయమును మంచివి. మీ నీడ నీటిమీద పడనీయకుడు. కొర్రమట్ట గాలికై పైకివచ్చిన చోటనే ఎఱను వేయక, అది పోవు దిక్కున నాలుగు మూరలు ముందుగా వేయుడు.

ఇంతవఱకు వేట నేర్పితిని. ఇక వేటాడరాని వేళను చెప్పవలెను. నేడు నేను మాటలాడుటకు అసలు కారణము ఇదియే.

వానకాలమున కొర్రమట్టలు కలుపుమొక్కల నడుమ నొకచోటు బాగుచేసికొని గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు నీటిపై తేలును. ఒకటి రెండు దినములలో పిల్లలు వెలువడును. కొంచెము పెరిగిన పిమ్మట అవి ఎఱ్ఱనివై, గుంపుగా కూడి నీటిపైపొరలో తిరుగుచుండును. దూరమునుండి చూచువారికి నీటిపై కుంకుమ చల్లినట్లు తోచును. ఆ గుంపు క్రిందుగా పెద్దచేప కొన్ని వారములు కావలి కాయును. అచ్చటికి ఏది వచ్చినను, అది ఆకలి లేకున్నను దానిపై పడును. ఈ సమయమున ఈకల ఎఱను గుంపు నడుమ విసరినచో నేర్పు లేనివానికిని చేప పడును. అది తిండికై నోరు తెఱచుట కాదు. బిడ్డలకై నోరు తెఱచుట.

నేను బాలుడనై యుండగా శ్రావణమాసమున నొకనాడు మా యూరి చెఱువులో అట్టి యెఱ్ఱని గుంపును చూచి ఎఱ విసరితిని. మొదటి లాగుడుకే మూరెడు కొర్రమట్ట పడినది. మిత్రులందరు నన్ను మెచ్చుకొనిరి. కట్టమీద నిలిచి చూచుచుండగనే ఆ గుంపు చెదరినది. ఇతర చేపలు క్రిందినుండి, కొంగలు పైనుండి పిల్లలను తిన మొదలిడినవి. సాయంకాలమునకు నీటిపై ఎఱ్ఱదనము లేదు. ఒక చేపను పట్టితిననుకొంటిని. వందల కొలది చేపలను పోగొట్టితినని తరువాత తెలిసినది.

బొచ్చె, రోహు పిల్లలను మత్స్యశాఖవారు చెఱువులలో వదలుచుందురు. కొర్రమట్ట మాత్రము చాల చెఱువులలో తన సంతతిని తానే నిలుపుకొనవలెను. తెలంగాణ రాష్ట్రము 2016వ సంవత్సరమున దీనినే రాష్ట్రపు చేపగా ప్రకటించినది. పేరు నిలుపుట ప్రభుత్వమువారి పని. జాతిని నిలుపుట మన పని.

కావున పెద్దలారా, నా విన్నపము వినుడు. తొలకరి మొదలు విజయదశమి వఱకు ఎఱ్ఱనిగుంపు కనబడిన తావున ఎవరును గాలము వేయరాదని రచ్చబండకడ నొక కట్టుబాటు చేయుడు. గాలపు ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేయుట పిల్లలకు నేర్పుడు. పొరపాటున కావలిచేప పడినను, తడిచేతితో పట్టి గాయము లేకుండ వెంటనే విడువవచ్చును. చెఱువులో చేపల హక్కు మత్స్య సహకార సంఘమువారిదైనచో వారి యనుమతి పొందుటయు, పాకాలవంటి అభయారణ్యపు చెఱువులలో అటవీశాఖ నియమములను పాటించుటయు మఱవకుడు.

మన పూర్వులు కట్టను కట్టి నీటిని మనకు నిలిపిరి. ఆ నీటిలో తిరుగు ప్రాణిని మన మనుమలకు నిలుపుట అంతకంటె కష్టము కాదు. గడ చేతనున్నను కొన్ని నాళ్లు ఆగినచో చాలును.

సెలవు.