పది రూపాయలు దాటితే కలెక్టర్‌కే

కర్నూలు జిల్లా తుగ్గలి పొలాల్లో తొలకరి పడితే చాలు, జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. అక్కడ మెటల్ డిటెక్టర్ దండగ. అది రాయిని పసిగట్టదు. బంగారానికి, పాత నాణేలకైతే పనికొస్తుంది. 2009లో బ్రిటన్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో ఒక ఔత్సాహికుడు దాంతోనే బంగారు నిధి కనిపెట్టాడు. అతనికీ పొలం యజమానికీ కలిపి 32.85 లక్షల పౌండ్లు ముట్టాయి.

మన దగ్గర ఆ సరదాకు 1878 నాటి నిక్షేపాల చట్టం కాపలా. దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు రాసివ్వాల్సిందే. దాస్తే ఏడాది దాకా జైలు. చెబితే? హక్కుదారు తేలనప్పుడు ముప్పావు వంతు దొరికినవాడికే రావచ్చు. ఈ సంగతి తెలిసినవారు తక్కువ. అందుకే తవ్వకాలన్నీ రాత్రిపూటే.

బహిరంగంగా తవ్విన చోటూ ఒకటి ఉంది. అదే తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబర్‌లో సర్కారు అనుమతితోనే గుప్తనిధి వేట మొదలైంది. బయటపడినవి ఎముకలు, ఇటుకలు.